పుస్తకాలు మూడు మారాయి, ఇరవయ్యో తేదీ మారలేదు

హైదరాబాద్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. చాలా పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను. ఆవిడ కోరిక మీద పేర్లు తీసేశాను.

ఇద్దరు పిల్లలు. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. పాప బడికెళ్లే రోజుల్లో ప్రతి పొద్దున్నా కడుపునొప్పి అని ఏడ్చేది. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. ఆదివారాలు మాత్రం నొప్పి వచ్చేది కాదు. కిందటి జూన్‌లో బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టారు. పాప కడుపునొప్పి తగ్గింది, అమ్మకి టెన్షన్ మొదలైంది.

ముందు నలభై రెండు వేలు పోసి ఒక విదేశీ సెట్ తెప్పించారు. ఏ రోజు ఏ పేజీ చదవాలో అచ్చువేసిన పట్టికతో సహా పెట్టెలో వచ్చింది. ఆగస్టు 20 ప్రాంతంలో "రెండు వారాలు వెనకబడ్డాం, ఇక అందుకోలేం" అని పెట్టె మూసేశారు. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. సంక్రాంతి వెళ్లిన వారానికి అవీ ఆగాయి. తర్వాత ఎవరో చెబితే ఏ సిలబస్సూ లేకుండా, పిల్లలు తమంతట తామే నేర్చుకునే పద్ధతి. ఏప్రిల్ మూడో వారంలో దానికీ దణ్ణం పెట్టారు. ఇప్పుడు నాలుగోది వెతుకుతున్నారు.

ఆదివారాలు బొటానికల్ గార్డెన్‌లో ఇలా ఇంట్లో చదివించే కుటుంబాలు ఎనిమిది కలుస్తాయట. అక్కడ పదేళ్ల పిల్లాడొకడు ఎనిమిదో తరగతి లెక్కలు చేస్తున్నాడు. వాళ్ల నాన్న ఐఐటీ కోచింగ్‌లో లెక్కల లెక్చరర్. ఇంకొక అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ, చదివిన పుస్తకాల మీద సమీక్షలు కూడా రాస్తోంది. మరొకరికి చేవెళ్ల దగ్గర రెండెకరాల తోట ఉంది, పిల్లల సైన్సు పాఠమంతా కోళ్ల మధ్యే. "ఇంటికి రాగానే పాప నోట్సు తీసి చూస్తాను. చూశాక అరుస్తాను. ఆదివారం రాత్రి పాప ఏడవకుండా పడుకున్నది నాకు గుర్తులేదు" అని రాశారు.

అత్తగారు "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అంటున్నారు, కేసు పెడతారేమోనని భయపడుతున్నారు కూడా. భర్త "నీ ఇష్టం" అని ఊరుకుంటారు. ఈవిడ ఇంట్లోంచే పన్నెండు షాపులకి జీఎస్టీ రిటర్నులు వేస్తారు. పాపకి భాగహారం రావడం లేదని, తెలుగు కూడబలుక్కుని చదువుతుందని, బల్లుల్నీ పురుగుల్నీ మాత్రం గంటల తరబడి బొమ్మలేస్తుందని రాశారు. చివర్లో ఒక మాట: కొత్త పుస్తకం ఇస్తే పాప దాని మీద పేరు రాసుకోవడం మానేసిందట. ఎందుకని అడిగితే "ఇది కూడా మార్చేస్తావుగా అమ్మా" అందట.

"ఏ కరిక్యులమ్ మంచిది? వేరే కుటుంబాలతో పోల్చుకోకుండా ఉండటం ఎలా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు. మొదలుపెట్టడానికి మంచి రోజు ఏదని కూడా అడిగారు.

* * *

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని తేదీల కింద గీతలు గీశాను. ఆగస్టు 20. సంక్రాంతి వెళ్లిన వారం, అంటే జనవరి 20 అటూ ఇటూ. ఏప్రిల్ మూడో వారం. మూడు పద్ధతులూ ఒకదానితో ఒకటి పొంతన లేనివి. ఒకటి నిమిషాల లెక్కన నడిచేది, ఒకటి మన ప్రభుత్వ పుస్తకం, ఒకటి అసలు పుస్తకమే లేనిది. మూడూ నెలలో ఒకే చోట కుప్పకూలాయి.

ఆ చోటేదో నాకంటే మీకే బాగా తెలుసు. ప్రతి నెలా 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే 3బి రిటర్ను. పన్నెండు షాపులంటే, బిల్లులు టైముకి పంపని వాళ్లు కనీసం నలుగురైనా ఉంటారు. ఆ పది రోజులూ మీరు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కంప్యూటరు. ఆ సమయంలో పాప పక్కన కూర్చుని గంటన్నర కథ చదివి వినిపించమని ఆ పెట్టెలోని పట్టిక చెబుతుంది. కుదరదు. 20 దాటాక ఊపిరి తీసుకుని పట్టిక చూస్తే రెండు వారాల గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. అదే వారంలో వచ్చే ఆదివారం పార్కులో లెక్చరర్ గారబ్బాయి కనిపిస్తాడు. ఇంకేముంది, "ఈ సిలబస్ మాకు పడలేదు" అనుకుంటారు. పడనిది సిలబస్ కాదమ్మా, క్యాలెండరు.

కాబట్టి ఏ పుస్తకం అన్నదానికంటే ముందు, మీ నెలలో చదువుకి ఎన్ని రోజులున్నాయో లెక్క చూద్దాం. మీరు లెక్కల మనిషే కదా. 10 నుంచి 20 దాకా పదకొండు రోజులు తీసేయండి. మిగిలేవి 19. ఆదివారాలు పోతే 16. ఎండలకి ఒక నెల వదిలేసినా, పదకొండు నెలలకి 176 రోజులు. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి వరకు బడికి పెట్టిన లెక్క ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు. రోజుకి నాలుగు గంటలన్నమాట. అదీ ఒక టీచరుకి ముప్పై మంది పిల్లలుండే గదిలో. అందులో హాజరు పిలవడం, బోర్డు మీది రాత అందరూ ఎక్కించుకునే దాకా ఆగడం, గొడవలు తీర్చడం అన్నీ కలిపే. ముప్పై ఏళ్లు అలాంటి గదిలోనే ఉన్నదాన్ని, ఒక్కో పిల్లకి నిజంగా నా నుంచి ఎన్ని నిమిషాలు దక్కేవో చెబితే మీరు నమ్మరు. మీకున్నది ఇద్దరు. మీ 176 రోజుల్లో రోజుకి రెండు గంటలు శ్రద్ధగా కూర్చుంటే తక్కువేమీ కాదు.

ఆ పదకొండు రోజులూ సెలవని కూడా అననక్కర్లేదు. కొత్త పాఠం మాత్రం వద్దు. మీరు పక్కన లేకుండా జరిగేవి ఆ రోజులకి అట్టిపెట్టండి. చూచిరాత, ఎక్కాలు, బల్లి బొమ్మలు, లైబ్రరీ పుస్తకం, తాతగారితో రైతుబజారు.

రైతుబజారు అన్నాను కదా, అక్కడ కాసేపు ఆగాలి. మీ ఉత్తరంలో ఐదో పేజీలో అలా రాసేసి వెళ్లిపోయారు: "మామయ్యగారితో రైతుబజారుకి వెళ్తే పావుకిలో పచ్చిమిర్చి, అరకిలో బెండకాయ కలిపి ఎంతో నోటిలెక్కలో చెప్పేస్తుంది, కానీ భాగహారం రాదు." అమ్మా, పావుకిలో ధర చెప్పిందంటే కిలో ధరని నాలుగుతో భాగించిందనే కదా. పాపకి భాగహారం వచ్చు. రానిది కాగితం మీద ఆ మెట్ల రాత: పై నుంచి అంకె దించడం, శేషం పక్కన పెట్టడం. ఆ తంతు వెనక ఏం జరుగుతోందో పాపకి ఎవరూ చూపించి ఉండరు.

ఇలా చేసి చూడండి. పది రూపాయల నోట్లు తొమ్మిది, రూపాయి బిళ్లలు ఆరు పాప చేతికివ్వండి. మొత్తం 96. ఇంట్లో నలుగురికి సమానంగా పంచమనండి. ఒక్కొక్కరికి రెండేసి నోట్లు పంచుతుంది, ఒక నోటు మిగులుతుంది. ఇప్పుడేం చేస్తావని అడిగి ఊరుకోండి. చిల్లర కావాలంటుంది. రూపాయి బిళ్లలు పది ఇచ్చి నోటు తీసుకోండి. ఆ పదీ, ముందున్న ఆరూ పదహారు, తలకి నాలుగు. ఒక్కొక్కరికి ఇరవై నాలుగు. నోటుని చిల్లర మార్చిందే, అదే కాగితం మీద "అంకె దించడం". నాలుగు రోజులు డబ్బుతో చేశాక, ఐదో రోజు డబ్బు పంచుతూనే పక్కన కాగితం మీద రాయించండి. ముందు చేత్తో, తర్వాత బొమ్మతో, ఆఖర్న అంకెతో. సింగపూర్ లెక్కలని మీ బృందంలో గొప్పగా చెప్పుకునే పద్ధతికి మూలసూత్రం ఇదే. 1980ల నుంచి వాళ్ల ప్రాథమిక పాఠశాలల్లో వాడుతున్నది. దీనికి సింగపూర్ నుంచి పెట్టె తెప్పించుకోనక్కర్లేదు, పోపులపెట్టెలో దాచిన చిల్లర చాలు.

ఇక పుస్తకాల సంగతి. మీ ముందు దారులు నాలుగున్నాయి.

ఆ నలభై రెండు వేల పెట్టె మళ్లీ తెరవచ్చు. పోయిన డబ్బు గురించి బాధపడి తెరవకండి, పనికొచ్చేది ఉందనిపిస్తే తెరవండి. ఆ సెట్లు సాధారణంగా 36 వారాల లెక్కన, వాళ్ల చలికాలానికీ వాళ్ల సెలవులకీ తగినట్టు రాసుకున్నవి. అందులో ఆకులు రాలే పాఠం అక్టోబరులో వస్తుంది. మన వేపచెట్టు ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో. నాణేల పాఠంలో అమెరికా క్వార్టర్లు, డైములు ఉంటాయి, మీ పాపకి పావలా అంటేనే కొత్త. కథల పుస్తకాలు, లెక్కల చెక్కముక్కలు ఉంచుకోండి. ఆ పట్టిక మాత్రం చించేయండి. మడిచి దాచకండి, ఏదో ఒక 20వ తేదీ రాత్రి మళ్లీ తీసి చూస్తారు.

ఎన్‌సీఈఆర్‌టీ లేదా మన రాష్ట్ర పుస్తకాలకి తిరిగి వెళ్లచ్చు. ఖర్చు లేదు, ఎన్‌సీఈఆర్‌టీవి వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. రేపు బడిలో చేర్చాల్సి వచ్చినా పాప ఎక్కడుందో మీకూ తెలుస్తుంది, వాళ్లకీ తెలుస్తుంది. కొత్త జాతీయ విద్యావిధానం వచ్చాక వేసిన చిన్న తరగతుల పుస్తకాలు, మూడో తరగతి మ్యాథ్స్ మేళా లాంటివి, మీరూ నేనూ చదువుకున్నవాటిలా ఉండవు. బొమ్మలు, ఆటలు, ఇంట్లో చేసే పనులు చాలా ఉన్నాయి. రాష్ట్ర పుస్తకాల్లో నాకు నచ్చేది మరొకటి: లెక్కలు, సైన్సు లాంటివాటిలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగు కూడబలుక్కునే పిల్లకి ఇది మంచి సాయం, ఇంగ్లీషులో అర్థమైన పాఠాన్నే తెలుగులో చదువుతుంది. దీనిలో చిక్కల్లా ఒకటే. బడి పుస్తకం చేతికి రాగానే మీరూ బడి అయిపోవచ్చు. పాఠం చివరి ప్రశ్నలన్నీ రాయించడం, యూనిట్ టెస్టు పెట్టడం. పాప ఏ కడుపునొప్పి నుంచి బయటపడిందో గుర్తుపెట్టుకోండి. ప్రశ్నలు పది ఉంటే మూడు నోటితో చెప్పించి వదిలేయడం మీకు చేతనవుతుందా? అయితే నా ఓటు దీనికే.

సిలబస్ లేని మూడో పద్ధతి గురించి నా అభిప్రాయం దాచుకోను. అది బాగా నడిచే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల చుట్టూ ఎక్కువసేపు ఉంటారు, రేపటి గురించి తక్కువ కంగారు పడతారు. మీకు ఆ రెండూ లేవు. ఇది తప్పని అనడం లేదు. పుస్తకం లేకపోతే మీలాంటి మనిషికి రోజంతా పరీక్షలానే ఉంటుంది: ఈ రోజు ఏమైనా నేర్చుకుందా, బల్లి బొమ్మ సైన్సు కిందకి వస్తుందా? పాపకీ ఆ చూపు తెలిసిపోతుంది. సాయంత్రాలు మాత్రం అలా వదిలేయండి.

నాలుగోది మీరు రాయలేదు, అయినా మీ మనసులో ఉందని నాకనిపించింది. మళ్లీ బడి. అది ఓడిపోవడం కాదు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం మధ్యలో మానేసిన పిల్లని వయసుకి తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పించాలి. ప్రభుత్వ బడిలో దీనికి ఇబ్బంది ఉండదు. ప్రైవేటు బళ్లు పరీక్ష పెడతామనచ్చు, కానీ చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టకూడదని అదే చట్టంలో ఉంది. కానీ అలసటతో 19వ తేదీ రాత్రి ఈ నిర్ణయం తీసుకోకండి. తీసుకుంటే పాపతో మాట్లాడాక, వేరే బడి చూసి వచ్చాక తీసుకోండి.

అత్తగారి భయానికి నాలుగు మాటలు చాలు. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని ఆ చట్టంలోనే ఉంది, చేర్చకపోతే శిక్ష అని మాత్రం లేదు. ఇంట్లో చదివించేవాళ్లకి ఈ చట్టం అడ్డు కాదని 2012లో కేంద్రం ఢిల్లీ హైకోర్టుకి చెప్పింది. సర్టిఫికెట్ల కోసం కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఉంది, మన రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండాలి, కనీసం ఐదు సబ్జెక్టులు, తెలుగు మీడియంలోనూ రాయచ్చు. అంతకంటే ముందే చేతిలో కాగితం ఉండాలనుకుంటే వాళ్లదే ఓబీఈ (ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్) అని ఉంది. ఎ, బి, సి స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం. చూశారుగా, పాపకి నిజమైన గడువంటూ ఉంటే అది ఐదేళ్ల తర్వాత. ఆదివారం సాయంత్రం పార్కులో గడువేమీ లేదు.

ఇప్పుడు ఆ పార్కు సంగతి.

నేను కొత్తగా టీచరయిన రోజుల్లో బాగా రాసే ఒక పిల్లాడి నోట్సు తీసి క్లాసంతా తిప్పి చూపించేదాన్ని. వాణ్ణి చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారనే మంచి ఉద్దేశమే. రెండు నెలలకి వాడి పక్కన కూర్చునే పిల్లాడు తన నోట్సు బయటికి తీయడమే మానేశాడు. అడిగితే ఇంట్లో మరిచిపోయానంటాడు, సంచిలోనే ఉంటుంది. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఆ ఏడు గడిచిపోయింది. మీ పాప పుస్తకం మీద పేరు రాయడం లేదని చదవగానే వాడే గుర్తొచ్చాడు.

లెక్చరర్ గారింట్లో అన్నం తింటున్నప్పుడు కూడా లెక్కలే మాట్లాడుకుంటారు. ఆ పిల్లాడు ఎనిమిదో తరగతి లెక్కలు చేయడం, వ్యవసాయం చేసేవాళ్ల పిల్లాడు ఎద్దు వయసు చెప్పడం రెండూ ఒకటే. తోటవాళ్ల దగ్గర తోట ఉంది. మీ ఇంట్లో ఏముంది? పన్ను లెక్కలు చేసే అమ్మ, బజారుకి తీసుకెళ్లే తాతయ్య, తెలుగు తప్పు చదివితే ఊరుకోని నానమ్మ. (ఆవిడని ఊరికే ఎందుకుంచారు? రోజూ రాత్రి ఒక్క పేజీ పాప చేత తెలుగు చదివించే పని ఆవిడకి అప్పగించండి. పని చేతిలో ఉంటే నక్కా పులీ సామెతలు తగ్గుతాయి.) పొరుగింటి పుల్లకూర రుచిగానే ఉంటుంది, కానీ పార్కుకి వాళ్లు తెచ్చేది గిన్నెలో సర్దిన కూర. మాడిన అడుగు ఇంట్లోనే వదిలేసి వస్తారు. మీరూ అంతే కదా, పాప ఏడుపు గురించి అక్కడ ఎవరికైనా చెప్పారా?

పార్కు మానేయమని నేను చెప్పను. పాపకి స్నేహితులు అక్కడే ఉన్నారు. పైగా బడి రోజుల్లో ఆ పిల్లకి నొప్పి లేని రోజు ఆదివారం ఒక్కటే. ఇప్పుడు ఆ ఒక్క రోజునే మనం ఏడుపు రోజుగా మార్చాం. ఆదివారం నోట్సు తీయకండి, అంతే. తీసి తీరాలనిపిస్తే మంగళవారం తీయండి, అప్పటికి కోపం ఉండదు. బృందం వాట్సాప్‌ని ఓ రెండు నెలలు మ్యూట్‌లో పెట్టచ్చు. పెడితే ఏదైనా మంచి వర్క్‌షాప్ కబురు తప్పిపోవచ్చు, పర్వాలేదు. ఎవరైనా "మీరు ఏ కరిక్యులమ్ వాడుతున్నారు?" అంటే చెప్పి ఊరుకోండి. మీరు మాత్రం వాళ్లని ఆ ప్రశ్న అడగకండి. "మీరు మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది?" అని అడిగి చూడండి. ఒకరు నోరు విప్పితే చాలు, మిగతావాళ్లూ విప్పుతారు. ఎనిమిది ఇళ్లలో ఎన్ని పెట్టెలు అటకెక్కాయో అప్పుడు తెలుస్తుంది.

పోలిక మనసులోంచి పూర్తిగా పోదు, నాకూ పోలేదు. అందుకని దానికి సరైన చోటు చూపించాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున పాప చేత తెలుగు ఒక పేజీ చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి, రాసిన కాగితం ఒకటి తేదీ వేసి ఫైల్లో పెట్టండి. మూడు నెలలకోసారి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. వెనకబడినట్టు అందులో కూడా కనిపిస్తే అప్పుడు మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే, ఆ విషయం వరకు ట్యూషన్ పెట్టించినా తప్పు లేదు.

బాబు గురించి మీరు ఒకటిన్నర పేజీలు రాశారు. ఆరేళ్లవాడికి కథలు, పలక, మట్టి. వాణ్ణి ఈ ఏడు వదిలేయండి.

మీ వారి "నీ ఇష్టం" గురించి. ఆయన ఉదాసీనంగా ఉన్నారో, లేక మూడుసార్లు మారాక నోరెత్తడానికి జంకుతున్నారో ఇక్కడి నుంచి నాకు తెలియదు. ఏ పుస్తకం కావాలని ఆయన్ని అడగకండి, దానికి మళ్లీ అదే జవాబొస్తుంది. "10 నుంచి 20 దాకా పొద్దున్న ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా పాప దగ్గర మీరు కూర్చోగలరా?" అని అడగండి. దానికి అవునో కాదో చెప్పాలి.

ఏది ఎంచుకున్నా పాపతో ముందే ఒక మాట అనుకోండి: "ఇది వచ్చే మార్చి దాకా మార్చను. బాగాలేని పాఠం ఉంటే ఇద్దరం కలిసి దాటేద్దాం, పుస్తకం మాత్రం ఉంటుంది." పాప నమ్మదు. నమ్మాల్సిన అవసరమూ లేదు, మూడుసార్లు చూసింది కదా. పేరు రాసుకోమని అడగకండి, గుర్తు కూడా చేయకండి. ఎదురుగా పెన్ను ఉంటే చాలు.

మొదలుపెట్టడానికి మంచి రోజు అడిగారు కాబట్టి చెబుతున్నా: ఈ నెల 3బి వేసేసి, ఒక రాత్రి కంటినిండా నిద్రపోయి, 22న.